కంచె మెట్టు (స్టైల్) తీసి దారి ఇవ్వడం: ఇంగ్లండ్ పల్లె కాలిబాటల మీద నా అనుభవం

ఇంగ్లండ్ పల్లెల్లో పొలాల గుండా వెళ్ళే కాలిబాటలు నడిచి నడిచి పడిన దారులు మాత్రమే కావు. ఒక్కొక్కదానికీ ఊరి పేరుతో ఒక నంబరు ఉంటుంది. చట్టం దృష్టిలో అదీ ఒక రోడ్డే. భూమి రైతుది, దాని మీద నడిచే హక్కు అందరిదీ. ఇంగ్లండ్, వేల్స్ కలిపి చూస్తే ఇలాంటి దారులు దాదాపు 1,40,000 మైళ్ళ పొడవున ఉన్నాయి. మన ఊళ్ళలో డొంకలు, పుంతలు గ్రామ పటంలో ఎక్కి ఉన్నట్టే ఇక్కడ ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) పాలకవర్గం దగ్గరా ‘డెఫినిటివ్ మ్యాప్’ అనే పటం ఉంటుంది. 1949 చట్టంతో మొదలైన పటం ఇది. దారి ఉందా లేదా అన్న తగువు వస్తే ముందు చూసేది దీన్నే.

హక్కు ఇంత గట్టిదే అయినా, కంచె వచ్చేసరికి చాలామందికి అది అక్కడితో ఆగిపోతుంది. అక్కడ స్టైల్ ఉంటుంది. రెండు గుంజలు, మధ్యలో అడ్డపట్టెలు, వాటి సందులోంచి దూర్చిన ఒకటో రెండో చెక్కమెట్లు. మనిషి ఎక్కి దిగిపోతాడు, ఆవూ గొర్రే దాటలేవు. చక్రాల కుర్చీ కూడా దాటలేదు. పిల్లల బండి, తుంటి ఆపరేషన్ అయినవారు, చూపు లేనివారికి దారి చూపే పెద్ద కుక్క, ఎవరికీ అది దాటే వీలు లేదు. ఆరు నెలల వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చి, మోకాళ్ళ నొప్పులతో మెట్టు ఎక్కలేక స్టైల్ దగ్గరే వెనక్కి తిరిగే మన అమ్మానాన్నలకూ అంతే.

చిల్టర్న్ కొండల్లో సుమారు ఐదు కిలోమీటర్ల చుట్టుదారి ఒకదాన్ని మా స్వచ్ఛంద బృందం మొదటి నుంచి చివరి దాకా స్టైల్ తగలకుండా చేసింది. మొదలుపెట్టినప్పుడు దాని మీద 14 అడ్డంకులు ఉన్నాయి: 9 స్టైళ్ళు, 3 కిస్సింగ్ గేట్లు (చిన్న ఆవరణలో ఊగే గేట్లు), 2 పెద్ద పొలం గేట్లు. పని పూర్తయ్యేసరికి 4 చోట్ల ఏ అడ్డూ లేని ఖాళీ, 7 చోట్ల మామూలు చిన్న గేటు, ఒకచోట తాళం ఉన్న పెద్ద కిస్సింగ్ గేటు మిగిలాయి. ఒక పొలం గేటును మళ్ళీ సరిగ్గా వేలాడదీశాం. ఒక స్టైల్‌ను ఎలాగూ మార్చలేక పక్క దారిలో తప్పించాం. ఇలాంటి పని తలకెత్తుకునేవారికి పనికొస్తుందని ఆ వరుస అంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు దారంతా కొలవాలి

ఒక గేటుకు డబ్బు దొరికింది కదా అని అందుబాటులో ఉన్న ఒక స్టైల్‌ను మార్చేసి రావడం ఎక్కువగా జరిగే పొరపాటు. తొమ్మిది స్టైళ్ళలో ఎనిమిది తీసినా, మిగిలిన ఆ ఒక్కదాని దగ్గర కుర్చీ ఆగిపోతుంది. పైగా రెండు కిలోమీటర్లు వచ్చాక ఆగిపోతుంది. అందుకే గేట్లను కాక దారులను లెక్కపెట్టాలి. కారు నిలిపే చోటు నుంచో బస్సు దిగే చోటు నుంచో బయల్దేరి, మళ్ళీ అక్కడికే వచ్చే వరకూ మొత్తం చూడాలి.

బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వారి 1:25,000 పటంలో కాలిబాట పచ్చటి గీతలుగా కనిపిస్తుంది కాని స్టైల్ ఎక్కడుందో, గేటు ఎక్కడుందో అందులో ఉండదు. కాళ్ళతో వెళ్ళి చూడాల్సిందే. వెంట 5 మీటర్ల టేపు, 60 సెంటీమీటర్ల రసమట్టం, ఫోను, సామాను తూచే చిన్న స్ప్రింగ్ కాటా తీసుకెళ్ళాం. ప్రతి అడ్డంకి దగ్గరా ఎనిమిదంకెల గ్రిడ్ నంబరు, మెట్టు ఎత్తు, పై పట్టె ఎత్తు, గుంజల మధ్య వెడల్పు, రెండు వైపులా రెండేసి మీటర్ల దాకా నేల వాలు రాసుకున్నాం. రెండు వైపుల నుంచీ ఫొటో తీశాం. వీటన్నిటికంటే ముఖ్యమైన గడి ఇంకొకటి: అటువైపు ఏ పశువు ఉంది, ఇటువైపు ఏ పశువు ఉంది? ఈ గడి ఖాళీగా వదిలేస్తే తర్వాత రైతుతో మాట్లాడేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

కాటా ఎందుకంటే, ఉన్న గేట్లు తెరవడానికి ఎంత బలం కావాలో తెలుసుకోవడానికి. గడియ దగ్గర కాటా తగిలించి, గేటుకు లంబంగా లాగి, కదిలిన క్షణంలో ముల్లు ఎక్కడుందో చూడాలి. నిలబడి ఉన్న మనిషి ఒంటి బరువు ఆనించి నెట్టేస్తాడు, బలం ఎంత పట్టిందో అతనికి తెలియదు. కుర్చీలో ఉన్నవారు గేటును నెడితే కుర్చీయే వెనక్కి జరుగుతుంది. ఈ తేడా మా బృందంలో నడిచేవారెవరికీ తోచలేదు. కుర్చీ వాడేవారు కొలతలకు మాతో వచ్చినప్పుడే తెలిసింది. వారు లేకుండా ఈ సర్వే చేయకండి. గడియ చెయ్యి చాచితే అందుతుందా, పక్కన ముళ్ళ తీగ ఉందా, గేటు తెరుచుకునే వైపు కుర్చీ వెనక్కి జరగడానికి చోటుందా, ఇవన్నీ కూర్చున్న ఎత్తు నుంచే కనిపిస్తాయి.

అసలు ఇది ఇక్కడ ఎందుకుంది?

ప్రతి స్టైల్ దగ్గరా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. గేటు ఏది పెట్టాలి, ఎంతలో వస్తుంది అన్నవి ఆ తర్వాతివి.

కాలిబాట మీద అడ్డంగా కట్టిన ఏ నిర్మాణమైనా చట్టబద్ధం కావడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, డెఫినిటివ్ మ్యాప్‌తో పాటు ఉండే వివరణ పత్రంలో ఆ దారి మీద ఫలానా చోట స్టైల్ ఉంది అని పరిమితిగా రాసి ఉండటం. అంటే ఆ దారి ప్రజలకు దక్కినప్పుడే స్టైల్‌తో దక్కింది అని అర్థం. రెండోది, 1980 హైవేస్ చట్టం 147వ సెక్షన్ కింద కౌంటీ అనుమతి. ఈ అనుమతి ఇచ్చేది ఒక్క కారణానికే: వ్యవసాయ భూమిలో, అడవి పెంపకంలో, గుర్రాల పెంపకంలో జంతువులు అటూ ఇటూ పోకుండా ఆపడానికి. దొంగల భయం, మోటారు సైకిళ్ళ బెడద, ‘మా తాతల నాటి నుంచి ఉంది’ అన్న మాట, ఈ సెక్షన్ కింద ఏవీ చెల్లవు. ఈ రెండూ లేని స్టైల్ మామూలుగా అక్రమ అడ్డంకి కిందికే వస్తుంది.

కాబట్టి కౌంటీ కార్యాలయం నుంచి వివరణ పత్రం నకలు, 147 అనుమతుల జాబితా తెచ్చుకుని మన సర్వే పట్టిక పక్కన పెట్టి చూడాలి. మా దారిలో మూడు స్టైళ్ళ సంగతి ఇక్కడే తేలిపోయింది. ఒకదానికి రెండు వైపులా గోధుమ పొలమే, పశువన్నది లేదు. ఇంకొకటి అడవి అంచున ఉంది. దాని పక్కన కంచె ఎప్పుడో కూలిపోయి స్టైల్ ఒంటరిగా నిలబడి ఉంది, నడవగలిగినవాళ్ళంతా పక్క నుంచే పోతున్నారు. మూడోది గడ్డి కోతకు మాత్రమే వాడే బీడు, మేపడం మానేసి చాలా కాలమైంది. ఆటస్థలం పక్కనున్న ఒక పాత కిస్సింగ్ గేటుదీ ఇదే కథ. ఈ నాలుగింటికీ గేటు అక్కర్లేదు, ఖాళీ చాలు. ఖాళీకి తుప్పు పట్టదు, గడియ ఊడదు.

రైతుకు ఒక భయం ఉంటుంది: రేపు మళ్ళీ గొర్రెలు తెస్తే? న్యాయమైన భయమే. అందుకని ఖాళీని కూడా రెండు మంచి గుంజల మధ్య, గేటు సరిపోయే కొలతలోనే ఉంచాం. పశువులు తిరిగి వచ్చిన రోజు 147 కింద అనుమతి అడిగి, అవే గుంజలకు గేటు తగిలించుకోవచ్చు. ఈ మాట కాగితం మీద పెట్టాకే రెండుచోట్ల ఒప్పుకున్నారు.

చట్టం ఎంత దూరం తోడొస్తుంది?

చట్టబద్ధంగా ఉన్న స్టైల్‌ను తీసి గేటు పెట్టమని రైతును బలవంతం చేసే అధికారం కౌంటీకి లేదు. ఇది ముందే తెలిసి ఉంటే చాలా చిరాకు తప్పుతుంది. చట్టంలో ఉన్నవి ఒప్పించడానికి పనికొచ్చేవే. 146వ సెక్షన్ ప్రకారం స్టైల్‌ను, గేటును సురక్షితంగా, వాడుకకు ఇబ్బంది లేకుండా ఉంచాల్సిన బాధ్యత భూయజమానిదే. ఆ ఖర్చులో కనీసం నాలుగో వంతు కౌంటీ ఇవ్వాలి. చేయకపోతే 14 రోజుల నోటీసు ఇచ్చి కౌంటీయే బాగుచేసి డబ్బు వసూలు చేసుకోవచ్చు. అంటే మెట్టు విరిగి ఊగిపోతున్న స్టైల్ రైతుకు ఆస్తి కాదు, బరువు. ‘దీన్ని మేమే తీసేసి కొత్త గేటు పెట్టిస్తాం’ అని అడగడానికి అదే మంచి సమయం. ముందుగా ఊగుతున్న స్టైళ్ళ దగ్గరికే వెళ్ళండి.

2000 సంవత్సరపు గ్రామసీమ, దారి హక్కుల చట్టంతో 1980 హైవేస్ చట్టంలోకి కొన్ని కొత్త మాటలు వచ్చాయి. 147 కింద అనుమతి ఇచ్చేటప్పుడు కదలికలో ఇబ్బంది ఉన్నవారి అవసరాలను కౌంటీ దృష్టిలో పెట్టుకోవాలి. అలాగే 147 జడ్‌ఏ అనే సెక్షన్ కింద, ఉన్న నిర్మాణాన్ని వారికి అనువుగా మార్చడానికి కౌంటీ, భూయజమాని ఒప్పందం చేసుకోవచ్చు. నా దృష్టిలో ఈ పని మొత్తంలో అన్నిటికంటే విలువైన కాగితం ఈ ఒప్పందమే. నోటిమాట మీద పెట్టిన గేటు, పొలం చేతులు మారగానే మళ్ళీ స్టైల్ అయిపోతుంది. ఒప్పందంలో షరతులు రాయించవచ్చు: గేటు కనీస వెడల్పు, తనంతట తాను మూసుకోవడం, బాగుచేసే బాధ్యత ఎవరిది, పశువులు లేని కాలంలో తెరిచి కట్టి ఉంచడం. కౌలుదారు సాగు చేస్తున్న పొలమైతే కౌలుదారు మాట, యజమాని సంతకం రెండూ కావాలి. మాకు ఒకచోట కౌలుదారు ఒప్పుకున్నారు కదా అని గుంతలు తవ్వేదాకా వెళ్ళి, యజమాని తరఫు ఏజెంటు ఆపేయడంతో నెలలు పోయాయి.

ప్రభుత్వ సంస్థల మీద 2010 సమానత్వ చట్టం బాధ్యత కూడా ఉంది. ప్రతి కౌంటీ రాసుకోవాల్సిన దారుల మెరుగుదల ప్రణాళికలో, చూపు లేనివారికీ కదలికలో ఇబ్బంది ఉన్నవారికీ దారులు ఎంత అందుబాటులో ఉన్నాయో అంచనా వేయాలని 2000 చట్టమే చెబుతోంది. మీ దరఖాస్తులో ఆ ప్రణాళికలోని పేరా నంబరు పేర్కొనండి. ‘దయచేసి’ అని రాసిన రెండు పేజీల కంటే ఆ ఒక్క నంబరే ఫైలును ముందుకు కదిలిస్తుంది.

కొలతలు

బీఎస్ 5709 అనే బ్రిటిష్ ప్రమాణం ఖాళీలు, గేట్లు, స్టైళ్ళ కోసమే రాసినది. 1979లో మొదటిసారి వచ్చింది, 2018లో తిరగరాశారు. దాని సారం ఒక్క వరుసలో ఉంది: వీలైతే ఖాళీ, అది కుదరకపోతే గేటు, అదీ కుదరకపోతే కిస్సింగ్ గేటు, స్టైల్ చివరికి కూడా వద్దు. ఈ వరుసలో ఒక మెట్టు దిగాలంటే ఎందుకు దిగుతున్నామో కారణం చెప్పగలగాలి.

కాలిబాట మీద కనీస వెడల్పు 1.1 మీటర్లు. ఈ అంకె విని ‘కుర్చీకి అంత ఎందుకు’ అని అడిగేవారున్నారు. రోడ్డు మీద కూడా తిరిగే మూడో తరగతి మొబిలిటీ స్కూటర్ (నడక కష్టమైనవారు వాడే బ్యాటరీ బండి) వెడల్పు చట్టం ప్రకారం 85 సెంటీమీటర్ల వరకూ ఉండొచ్చు. దానికి అటూ ఇటూ చేతివేళ్ళు నలగని జాగా కలిపితే 1.1 మీటర్లు పెద్ద ఎక్కువేమీ కాదు. ఇక్కడే గుంజలు పాతేవారు తప్పు చేస్తారు. 1.1 అన్నది గేటు తెరిచాక మిగిలే ఖాళీ. తొంభై డిగ్రీలు తెరిచిన గేటు తన మందాన్ని, బందుల మందాన్ని ఆ ఖాళీలోంచే తీసుకుంటుంది. అందుకని మేము గుంజల మధ్య 1.2 మీటర్లు ఉంచాం. గుర్రాలు కూడా వెళ్ళే బ్రైడిల్‌వే అయితే హైవేస్ చట్టం 145వ సెక్షన్ ప్రకారం గేటు కనీసం 5 అడుగులు, అంటే దాదాపు 1.525 మీటర్లు ఉండాలి.

కిస్సింగ్ గేటు గురించి ఒక మాట. అర్ధచంద్రాకారపు చిన్న ఆవరణలో గేటు ఊగుతుంది. మనిషి లోపలికి వెళ్ళి ఒక మూల నిలబడి, గేటును తన ముందు నుంచి జరిపి, అవతలికి వెళ్తాడు. గేటు ఎప్పుడూ ఏదో ఒక పక్క ఆవరణకు ఆని ఉంటుంది కాబట్టి పశువు దాటలేదు. రైతులకు ఇష్టమైనది ఇదే. కాని పాతవాటిలో ఆవరణ ఎంత చిన్నదంటే వీపున సంచీ ఉన్నవారే ఇరుక్కుపోతారు. మా దారిలో మిగిలిన రెండు కిస్సింగ్ గేట్లూ ఇలాంటివే, రెండిటినీ తీసి మామూలు గేట్లు పెట్టాం. జోరుగా వాహనాలు తిరిగే రోడ్డు పక్కన, దూడలతో ఉన్న ఆవుల బీడు దగ్గర మాత్రం రైతు మాట సబబే అనిపించింది. గేటు ఒక్కసారి పూర్తిగా మూసుకోకపోతే ఆవు రోడ్డు మీదికి వస్తుంది. అక్కడ పెద్ద ఆవరణ ఉన్న ఇనుప కిస్సింగ్ గేటు పెట్టాం. కుర్చీ దానిలో తిరగగలదు. పెద్ద స్కూటర్ వచ్చినప్పుడు ‘రాడార్’ తాళంచెవితో గేటును పూర్తిగా తెరవచ్చు. దేశమంతటా వికలాంగుల మరుగుదొడ్లకు పనికొచ్చే అదే తాళంచెవి ఇది. 1981 నుంచి ఉన్న పథకం. అయినా దీన్ని చివరి మార్గంగానే చూడాలి. తాళంచెవి ఇంట్లో మరిచిపోయినవారికి అది గోడే. తాళంలోకి మట్టి పోతుంది, తుప్పు పడుతుంది.

రాతి స్టైళ్ళు వేరే సంగతి. యార్క్‌షైర్‌లో, కోట్స్‌వోల్డ్స్‌లో రాతిగోడల్లోనే కట్టిన మెట్లు, సన్నని సందులు ఉంటాయి. వాటిలో కొన్నిటికి వారసత్వ రక్షణ ఉంది. వాటిని పెకలించవద్దు. పక్కన గోడలో గేటు పెట్టించి, రాతి మెట్లను అలాగే ఉంచమని అడగాలి.

గుంజ పాతడం

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నది రైతు క్యాలెండర్ చెబుతుంది. వసంతంలో గొర్రెలు ఈనే కాలం, పని పేరుతో అటు పోకూడదు. మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పక్షులు గూళ్ళు పెట్టే కాలం కాబట్టి పొద కంచె కొట్టడం మీద నిషేధం ఉంది. గడ్డి కోత, పంట కోత అయ్యాక సెప్టెంబరు, అక్టోబరు నెలలు మేలు. నేల కొంచెం తడిసి ఉంటుంది, బురద ఇంకా మొదలవదు.

తవ్వే ముందు కింద ఏమున్నదో తెలుసుకోవాలి. ‘లైన్‌సెర్చ్ బిఫోర్ యు డిగ్’ అనే ఆన్‌లైన్ సేవలో ఆ చోటు గుర్తిస్తే గ్యాసు, కరెంటు లైన్ల సమాచారం వస్తుంది. రైతు వేసుకున్న నీటి గొట్టం అందులో ఉండదు. అది ఆయన్నే అడగాలి. బీడులో నీళ్ళ తొట్టి కనబడిందంటే దానికి ఎక్కడి నుంచో గొట్టం వస్తోందనే అర్థం.

కర్ర గుంజ పొడవు 2.1 మీటర్లు, అందులో 90 సెంటీమీటర్లు నేలలో. ఓక్ అయితే మంచిది. మెత్త కర్ర అయితే నేలలో ఉండటానికి తగిన నాలుగో తరగతి మందు ఎక్కించినదే తీసుకోవాలి. ఆ గుంజను పొడవు తగ్గించడానికి కోస్తే, కోసిన కొసను పైకి ఉంచాలి. మందు లేని కొస మట్టిలో ఉంటే కొన్నేళ్ళలోనే కుళ్ళుతుంది.

గుంత ఇరుకుగా, నిలువుగా ఉండాలి. గుంజకు చుట్టూ 10 సెంటీమీటర్ల జాగా చాలు. చిల్టర్న్ కొండల నెత్తిన చెకుముకి రాళ్ళు కలిసిన జిగట మన్ను ఉంటుంది, పార దిగదు. పొడవాటి గునపంతో ఒక్కొక్క రాయినీ కదిపి తీయాలి. రాయి తప్పించడానికని గుంతను పక్కకు జరిపితే గుంజ వాలిపోతుంది. వాలిన గుంజకు ఏ గేటూ సరిగ్గా వేలాడదు. వాలుల మీద సుద్ద నేల తగులుతుంది. అక్కడ తీసిన సుద్దనే తిరిగి పోసి, 15 సెంటీమీటర్లకు ఒక పొర చొప్పున దిమ్మిసతో కొడితే చాలు, కాంక్రీటు అక్కర్లేకుండానే గట్టిగా పట్టుకుంటుంది. జిగట మన్ను మాత్రం ఎండాకాలంలో కుంచించుకుపోతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. అక్కడ అడుగున 10 సెంటీమీటర్ల కంకర పోసి, దాని మీద గుంజ నిలిపి, చుట్టూ కాంక్రీటు పోశాం. గేటు మోసే గుంజకు 20 కిలోల సంచులు మూడు పట్టాయి. కాంక్రీటు పైభాగాన్ని గుంజ నుంచి బయటికి వాలుగా చెక్కాలి. గిన్నెలా వదిలేస్తే నీళ్ళు నిలిచి, సరిగ్గా నేలమట్టం దగ్గరే గుంజ కుళ్ళుతుంది.

ముందు గేటు మోసే గుంజ పాతి, గట్టిపడనిచ్చి, గేటు తగిలించి, ఆ తర్వాతే గడియ గుంజ పాతాలి. రెండూ ఒకేసారి పాతి, మధ్యలో గేటు ఇరికించాలని చూస్తే వేలెడు తేడా తప్పకుండా వస్తుంది. ఆ తేడాలోనే గడియ పడదు. గేటు అడుగున నేలకు 10 సెంటీమీటర్ల ఎడం వదిలాం. ఎగువాలు వైపు తెరుచుకునే గేటు అయితే పూర్తిగా తెరిచి చూడాలి. మూసినప్పుడు ఉన్న ఎడం తెరిచేసరికి సున్నా అవుతుంది, గేటు నేలను రాస్తుంది.

తనంతట తాను మూసుకోవడం బందుల అమరికలో ఉంటుంది. రెండు వైపులా తెరుచుకునే గేటుకు కింది బందులో పక్కపక్కనే రెండు గిన్నెలు, రెండు కొక్కేలు ఉంటాయి. ఏ వైపు నెట్టినా ఒక గిన్నె కొక్కెం వదిలి, రెండోదాని మీద గేటు కొంచెం పైకి లేస్తుంది. వదలగానే దాని బరువే దాన్ని కిందికి, అంటే మూసుకునే చోటికి తెస్తుంది. మరతో పై బందును లోపలికీ బయటికీ జరిపితే ఈ లేపు పెరుగుతుంది, తగ్గుతుంది. ఎక్కువైతే గేటు దడేల్మని మూసుకుని కుర్చీ వెనక చక్రాన్ని కొడుతుంది, నెట్టడానికీ బరువే. తక్కువైతే గడియ దాకా రాదు. కాటాతో తూస్తూ ఒక్కో చుట్టు తిప్పాం. మా దారి మీద అనుభవంతో పెట్టుకున్న హద్దు 2 కిలోలు. అంతకు మించితే చేతుల్లో బలం తక్కువున్నవారు తెరవలేకపోయారు. రెండు వైపులా తెరుచుకునే గేటులో ఇంకో లాభముంది: ఎటు నుంచి వచ్చినా నెట్టుకుంటూ పోవచ్చు. గేటును తమ వైపు లాక్కుంటూ కుర్చీని వెనక్కి నడపడం చాలా కష్టం.

గడియ గుంజకు, మోసే గుంజకు ఒక మీటరు దూరం వరకూ ముళ్ళ తీగ ఉండకూడదని రైతును అడిగి, ఆ భాగంలో నున్నటి తీగ వేయించాం. తడుముకుంటూ వచ్చే చెయ్యి ముందు పడేది అక్కడే.

అడుగున నేల

గేటు ఎంత బాగున్నా దాని ముందు మడుగు ఉంటే అది పనికిరాదు. ఆవులు గేటు దగ్గరే గుమిగూడతాయి. వాటి డెక్కలకు నేల నలిగి, వానకు రొచ్చు అవుతుంది. నీళ్ళ తొట్టి గేటు పక్కనే ఉంటే ఇంకా ఘోరం. తొట్టిని దూరంగా జరపమని అడగడం కంకర పోయడం కంటే చవక.

గేటుకు రెండు వైపులా రెండేసి మీటర్లు, 1.5 మీటర్ల వెడల్పున 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, కంకర మట్టిలో కలిసిపోకుండా ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, 10 సెంటీమీటర్లు ‘టైప్ 1’ అనే రోడ్డు అడుగున వేసే కంకర, దాని మీద 5 సెంటీమీటర్లు సన్న చిప్స్ డస్ట్‌తో సహా పోసి, పొర పొరకూ వైబ్రేటింగ్ ప్లేటుతో అణిచాం. మొత్తం 0.9 ఘనపు మీటర్లు, అంటే సుమారు 1.8 టన్నులు. ట్రాక్టరు గేటు దాకా రాలేని చోట అదంతా తోపుడు బండ్లలో మోయాలి. ముందే లెక్కేసుకోండి. ఈ చదునును ఒక పక్కకు 50కి 1 వాలు ఉంచాలి. అంతకంటే ఎక్కువైతే కుర్చీ పక్కకు లాగేస్తుంది, తక్కువైతే నీళ్ళు పోవు. దొరికిన సుద్దను పైన పరచకూడదు, తడిస్తే సబ్బులా జారుతుంది. దారి ఉపరితలం మీద హక్కు కౌంటీది కాబట్టి, గేటుకు రైతు ఒప్పుకున్నా కంకరకు కౌంటీ ఒప్పుకోవాలి. ఈ రెండు అనుమతులూ ఒకే ఉత్తరంలో అడగాలి.

మార్చలేకపోయిన ఒక స్టైల్ దగ్గర ఇబ్బంది గేటు కాదు. దాని కింద వాలు నిటారుగా ఉంది, మెట్లు లేకుండా ఎవరూ దిగలేరు. అక్కడ గేటు పెడితే పటం మీద లెక్క సరిపోతుంది గాని కుర్చీలో ఉన్నవారిని ప్రమాదంలోకి పిలిచినట్టవుతుంది. దానికి కొంచెం ముందు బ్రైడిల్‌వే ఒకటి పక్కకు చీలుతుంది. 400 మీటర్లు ఎక్కువ నడక, వాలు మాత్రం 12కి 1 దాటదు. దారిని అటు మళ్ళించి, చీలిక దగ్గర గుర్తు పెట్టించాం. ఇలా ఉన్న దారులనే కలుపుకునే వీలు పటం మీద ముందుగా వెతకాలి. కొత్త గేటు కంటే చాలాసార్లు అదే దగ్గరి మార్గం.

తర్వాత

మొదటి చలికాలంలోనే అసలు సంగతి బయటపడుతుంది. ఏడు గేట్లలో రెండిటికి గడియ తప్పిపోయింది, రెండూ జిగట మన్నులోవే. అందుకే గడియ పట్టును గుంజకు పైకీ కిందికీ జరపగలిగేలా నిలువు కంతలున్న పలకతో బిగించడం మంచిది. ఒక గేటును బేలర్ తాడుతో (గడ్డి మోపులు కట్టే తాడు) కట్టేశారు. కోపం తెచ్చుకునే ముందు ఎందుకు కట్టారో చూడాలి. అక్కడ గడియ పడక గొర్రెలు దాటిపోతున్నాయి, రైతు చేతికి దొరికిన తాడుతో కట్టారు. గడియ సరిచేశాక తాడు ఆయనే తీసేశారు. ఇంకోచోట పొలం గేటు పక్కన పెట్టిన మా చిన్న గేటు ముందు గడ్డి మోపులు పేర్చారు. ఒప్పందం నకలు పట్టుకెళ్ళి చూపించాక జరిపారు.

వేసవిలో నెటిల్స్ అనే దురద మొక్కలు, ముళ్ళ తీగలు గడియ ఎత్తుకు పెరుగుతాయి. నిలబడిన వారి తొడకు తగిలేవి కూర్చున్నవారి ముఖానికి తగులుతాయి. జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి గేటు చుట్టూ చేత్తో కోస్తున్నాం.

దారి వివరం రాసేటప్పుడు ‘సులభమైన దారి’ అని రాయవద్దు. ఎవరికి సులభం? లేక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానం వారు స్టైళ్ళు లేని తమ దారులను అందరికీ, చాలామందికి, కొందరికి అని మూడు తరగతులుగా విడదీశారు. అదే పద్ధతి తీసుకుని మేము ఇంకొంచెం కలిపాం: అన్నిటికంటే ఇరుకైన చోటు ఎన్ని సెంటీమీటర్లు, అన్నిటికంటే నిటారైన వాలు ఎంత, అది ఎన్ని మీటర్ల పొడవు, పక్కవాలు ఎక్కడుంది, వాన పడిన మర్నాడు ఏ భాగం మెత్తబడుతుంది, రాడార్ తాళంచెవి కావాల్సిన గేటు ఎన్నో కిలోమీటరు దగ్గర ఉంది, మధ్యలో వెనక్కి తిరగాల్సి వస్తే తిరిగే చోటు ఎక్కడ. మా దారి ఇప్పుడు ‘చాలామందికి’ తరగతిలో ఉంది. అందరికీ కాకపోవడానికి కారణం అడవిలో బీచ్ చెట్ల వేర్లు పైకి తేలిన 60 మీటర్ల ముక్క. అక్కడ తవ్వితే వేర్లు తెగుతాయి కాబట్టి తవ్వకుండా, వేర్ల మీద నీళ్ళు దిగే రకం కంకర పోయడానికి అనుమతి అడిగాం. ఆ దరఖాస్తు కౌంటీ దగ్గర ఉంది.